నంబరు లేకుండా పరిగెత్తినవాళ్ళు

మా ఆఫీసులో ఏ వరసలో చూసినా ఒకటో రెండో మెడల్స్ మానిటర్ల పక్కన వేలాడుతుంటాయి. కొంతమంది మెడల్‌తో పాటు, సేఫ్టీ పిన్నుల చిల్లులు పడ్డ ఒక కాయితం కూడా పెట్టుకుంటారు. దాని మీద నాలుగైదు అంకెల నంబరు, కింద పేరు. రన్నర్ల భాషలో దాన్ని బిబ్ అంటారు. అందరూ మెడల్ గురించే అడుగుతారు గానీ, నన్నడిగితే అసలు కథంతా ఆ కాయితంలోనే ఉంది. ఇవాళ ఫోన్లో డబ్బు కట్టేస్తే వచ్చే ఆ నంబరు కోసం మనుషులు దశాబ్దాల తరబడి కొట్లాడారంటే నమ్ముతారా?

మా బాబాయికి ఈ వ్యవహారం ఎంత చెప్పినా ఎక్కదు. మొదటిసారి పది కిలోమీటర్లు పరిగెత్తొచ్చి మెడల్ చూపిస్తే "ఎన్నో ర్యాంకు?" అన్నాడు. రెండు వేల చిల్లర అన్నాను. "రెండు వేల మంది వెనకాల వచ్చినోడికి మెడలెందుకిచ్చార్రా?" అన్నాడు. ఎంసెట్ ర్యాంకులు చూసి చూసి ఉన్న మనిషి, ఆయన తప్పేం లేదు. నిజానికి ఆయన ప్రశ్న చాలా పాతది. గెలిచే అవకాశమే లేనివాడికి పరుగుపందెంలో ఏం పని? చాలాకాలం పాటు పెద్ద పెద్ద సంఘాలు దీనికి "ఏం పనీ లేదు" అనే జవాబు చెప్పాయి. అంతకంటే చిత్రం, గెలవగలిగినవాళ్ళకి కూడా కొందరికి అదే జవాబు చెప్పాయి.

అమెచ్యూర్ అనే మాటతో మొదలుపెడదాం. మనం ఆ మాటని "ఏదో సరదాకి చేసేవాడు, అంత బాగా రానివాడు" అనే అర్థంలో వాడేస్తుంటాం. 1866లో లండన్‌లో అమెచ్యూర్ అథ్లెటిక్ క్లబ్ పెట్టినప్పుడు దానికిచ్చిన నిర్వచనం వేరు. డబ్బు కోసం పోటీ చేసినవాడు అమెచ్యూర్ కాదు, సరే. దాంతో పాటు మెకానిక్కులు, చేతిపనివాళ్ళు, కూలీలు కూడా అమెచ్యూర్లు కారు! ఎందుకయ్యా అంటే ఒళ్ళొంచి పనిచేసేవాడికి కండబలం ఉంటుంది, దొరబిడ్డలతో వాడికి పోటీ పెట్టడం అన్యాయం అన్నమాట. ఆ ముసుగు తీస్తే లోపల కనిపించేది మనకి బాగా తెలిసిన సరుకే, పక్కన నిలబడడానికి వీల్లేదు అని. 1880లో కొత్త సంఘం వచ్చి ఆ కూలీల నిబంధన తీసేసింది. డబ్బు నిబంధన మాత్రం ఇంకో వందేళ్ళు నిలిచింది.

దానికి బలైన మనిషి కథ ఒకటి చెప్పాలి. జాన్ టారంట్ అని, 1932లో పుట్టిన ఇంగ్లీషువాడు. యుద్ధకాలంలో చిన్నతనమంతా అనాథ పిల్లల హోంలో గడిచింది. కుర్రతనంలో ఊళ్ళో కొన్ని బాక్సింగ్ పోటీల్లో దిగాడు. అన్నిటికీ కలిపి అతనికి ముట్టింది 17 పౌండ్లు. తర్వాత బాక్సింగ్ మానేసి పరుగు మొదలుపెట్టాడు. క్లబ్బులో చేరడానికి దరఖాస్తు పెడుతూ, నిజాయితీగా ఆ 17 పౌండ్ల సంగతి రాశాడు. అంతే. నువ్వు ప్రొఫెషనల్‌వి, జీవితాంతం మా పోటీల్లో పరిగెత్తడానికి వీల్లేదు అన్నారు. బాక్సింగ్‌లో తీసుకున్న డబ్బుకి పరుగులో శిక్ష!

టారంట్ ఏం చేశాడంటే, 1956లో లివర్‌పూల్ మారథాన్ మొదలయ్యే చోటికి పెద్ద కోటు కప్పుకుని వచ్చి జనంలో నిలబడ్డాడు. తుపాకీ పేలగానే కోటు విసిరేసి రన్నర్లలో కలిసిపోయాడు. ఛాతీ మీద నంబరు లేదు. అప్పట్నించి అదే పని. ఏ ఊళ్ళో రేసున్నా తమ్ముడి మోటార్ సైకిలెక్కి వెళ్ళడం, తుపాకీ పేలగానే దూకడం. పేపర్లవాళ్ళు "దెయ్యం రన్నరు" అని పేరు పెట్టారు. రేసు నిర్వాహకులు వెంటపడి పట్టుకోబోయేవాళ్ళు, చూసే జనం మాత్రం చప్పట్లు కొట్టేవాళ్ళు. 1958లో సంఘంవాళ్ళు తగ్గి, దేశంలో జరిగే పోటీలకి అనుమతిచ్చారు. అంతర్జాతీయ పోటీలకి మాత్రం చచ్చేదాకా ఇవ్వలేదు. ఆ తర్వాత అతను 40 మైళ్ళు, 100 మైళ్ళ ప్రపంచ రికార్డులు కొట్టినా సరే, దేశం తరఫున ఒక్కసారి కూడా దిగనివ్వలేదు. 1975లో కేన్సర్‌తో పోయాడు, నిండా నలభై మూడేళ్ళు కూడా లేవు.

ఈ టారంట్ 1968లో దక్షిణాఫ్రికా వెళ్ళి అక్కడి కామ్రేడ్స్ రేసులో కూడా నంబరు లేకుండానే పరిగెత్తాడు. కామ్రేడ్స్ అంటే డర్బన్‌కీ పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కీ మధ్య దాదాపు 90 కిలోమీటర్లు. (అవును, 1893లో గాంధీగారిని రైల్లోంచి దింపేసిన స్టేషను ఉన్న ఊరే.) మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన సైనికుల జ్ఞాపకంగా 1921లో మొదలైంది. మొదటిసారి 34 మంది దిగితే 16 మంది పూర్తిచేశారు. ఇదంతా తెల్ల మగవాళ్ళ రేసు. 1923లో ఫ్రాన్సెస్ హేవర్డ్ అనే ఆవిడ దరఖాస్తు పెడితే తిరగ్గొట్టారు. ఆవిడ పట్టించుకోకుండా పదకొండున్నర గంటల్లో పూర్తిచేసింది. చూడ్డానికొచ్చిన జనం, తోటి రన్నర్లు కలిసి ఆవిడకి వెండి టీ సెట్టు బహుమతిగా ఇచ్చారు, ఫలితాల పట్టికలో మాత్రం పేరు లేదు. 1935లో రాబర్ట్ మ్‌త్‌షాలీ అనే నల్లజాతి మనిషి తొమ్మిదిన్నర గంటల్లో పూర్తిచేశాడు. ఆయన పేరూ లేదు. నల్లవాళ్ళకీ, ఆడవాళ్ళకీ ఆ రేసు తలుపు తీసింది 1975లో.

అమెరికా ఏమైనా మెరుగా? బోస్టన్ మారథాన్ 1897లో 15 మందితో మొదలైంది. 1966లో బాబీ గిబ్ అనే అమ్మాయి ఎంట్రీ కోసం ఉత్తరం రాస్తే, ఆడవాళ్ళ శరీరం అంత దూరానికి తట్టుకోలేదని జవాబొచ్చింది. ఆ అమ్మాయి అప్పటికే ఒక్కో రోజు అంతకంటే ఎక్కువ దూరం పరిగెడుతోంది! అన్నయ్యో తమ్ముడో, వాళ్ళింటి కుర్రాడి నిక్కరు వేసుకుని, తల మీదికి హుడ్ లాక్కుని, స్టార్టింగ్ లైను దగ్గర పొదల్లో దాక్కుంది. సగం మంది వెళ్ళాక బయటికొచ్చి గుంపులో కలిసింది. 3 గంటల 21 నిమిషాల్లో పూర్తిచేసింది, అంటే పోటీలో దిగిన మగవాళ్ళలో ఎక్కువమంది కంటే ముందు.

ఆ మరుసటేడు, 1967లో, క్యాథరిన్ స్విట్జర్ కథ మీలో చాలామందికి ఫోటోల్లో తెలిసే ఉంటుంది. ఆవిడ దరఖాస్తు మీద కె.వి. స్విట్జర్ అని సంతకం చేసింది. ఫారంలో ఆడా మగా అనే గడే లేదు. (ఆడవాళ్ళు కూడా అప్లై చేస్తారని ఊహే లేనివాడు డిజైన్ చేసిన ఫారం. ఇన్‌పుట్ వేలిడేషన్ లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.) 261 నంబరు ఇచ్చారు. రేసు మధ్యలో నిర్వాహకుడు జాక్ సెంపుల్ బస్సులోంచి దూకి ఆవిడ మీద పడి నంబరు చింపబోయాడు. పక్కన పరిగెడుతున్న బాయ్‌ఫ్రెండ్ సుత్తి విసిరే ఆటగాడు, ఒక్క తోపు తోస్తే సెంపుల్ రోడ్డు పక్కన పడ్డాడు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. సెంపుల్ ఆవిడని ఆపడం కంటే ముందు లాగబోయింది ఆ కాయితాన్ని. గిబ్ ఆ ఏడు కూడా నంబరు లేకుండా పరిగెత్తింది, స్విట్జర్ కంటే దాదాపు గంట ముందే ముగించింది, ఆవిడ జోలికెవరూ వెళ్ళలేదు. నంబరు లేని మనిషి రోడ్డు మీద పోయే దారిన పోయే దానయ్య. నంబరున్న మనిషిని లెక్కపెట్టాలి. వాళ్ళ భయమంతా ఆ లెక్క దగ్గరే.

ఇంతకీ ఆడవాళ్ళకి ఈ అడ్డం ఎక్కడిదంటే, 1928 ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టిన 800 మీటర్ల పందెం. చివర్లో కొందరు అలసిపోయి పడుకుంటే, పేపర్లు గోరంతని కొండంత చేసి రాశాయి. దాంతో ఆ పందెం తీసేసి 1960 దాకా మళ్ళీ పెట్టలేదు. మగవాళ్ళు పందెం అయ్యాక పడుకోరా ఏమిటి? ఆడవాళ్ళ మారథాన్ ఒలింపిక్స్‌లోకి వచ్చేసరికి 1984 అయింది.

1972లో బోస్టన్ ఆడవాళ్ళని అధికారికంగా రానిచ్చింది, ఎనిమిది మంది దిగారు. కానీ పైనున్న అమెరికా అమెచ్యూర్ సంఘం ఒక మెలిక పెట్టింది, ఆడవాళ్ళు మగవాళ్ళతో కలిసి మొదలెట్టకూడదు అని. ఆ ఏడు న్యూయార్క్ మారథాన్‌లో ఆడవాళ్ళని పది నిమిషాల ముందు బయల్దేరమన్నారు. వాళ్ళకి తుపాకీ పేల్చారు. ఆరుగురూ నిరసన అట్టలు పట్టుకుని స్టార్టింగ్ లైను మీద కూర్చున్నారు. పది నిమిషాలూ అలాగే కూర్చుని, మగవాళ్ళ తుపాకీ పేలాక లేచి పరిగెత్తారు. సంఘంవాళ్ళు కక్ష కొద్దీ ఆ పది నిమిషాలూ వాళ్ళ టైముకి కలిపారు.

ఆ న్యూయార్క్ రేసు సంగతి చూద్దాం, ఎందుకంటే ఇవాళ మనం చూసే జాతరకి మూలం అక్కడుంది. 1970లో సెంట్రల్ పార్క్ లోపల చుట్లు తిరిగే రేసుగా మొదలైంది. ఎంట్రీ ఫీజు ఒక డాలరు. 127 మంది బయల్దేరితే 55 మంది పూర్తిచేశారు. నడిపించినవాడు ఫ్రెడ్ లెబో, రుమేనియాలో పుట్టి, నాజీల నుంచి తప్పించుకుని వచ్చిన యూదుడు, బట్టల వ్యాపారి. స్వయంగా గొప్ప రన్నరేం కాదు. నాకైతే అదే అసలు కారణం అనిపిస్తుంది. అప్పటిదాకా రేసులు పెట్టేవాళ్ళంతా ముందొచ్చేవాళ్ళ వైపు నుంచి చూసేవాళ్ళు. సరిగ్గా ఆ 1970లోనే బోస్టన్ వాళ్ళు, జనం ఎక్కువైపోయారని, నాలుగు గంటల్లోపు పూర్తిచేయగలిగితేనే రమ్మని కొత్త రూలు పెట్టారు. ఇది జాగింగ్ కాదు సుమా అని ఫారం మీదే రాశారు. లెబో వెనకనుంచి చూశాడు. ఐదు గంటలు పట్టేవాడు కూడా డాలరు కడతాడు, వాడి భార్యాబిడ్డలు చూడ్డానికొస్తారు, వాడు ఏడాదంతా చెప్పుకుంటాడు.

1976లో అమెరికా ద్విశతాబ్ది ఉత్సవాల సందర్భంగా రేసుని పార్కులోంచి బయటికి తెచ్చి నగరంలోని ఐదు భాగాలూ తాకేలా వేశారు. రెండు వేల మందికి పైగా దిగారు. 1979లో దాన్ని పరిగెత్తిన క్రిస్ బ్రాషర్ అనే ఇంగ్లీషాయన (1956 ఒలింపిక్స్ స్వర్ణ విజేత) ఇంటికెళ్ళి, మన లండన్‌లో ఇది ఎందుకు కుదరదు అని పేపర్లో వ్యాసం రాశాడు. 1981 మార్చి 29న లండన్ మారథాన్ మొదలైంది. మొదటి ఇద్దరు, ఒక అమెరికన్, ఒక నార్వే మనిషి, చెయ్యీ చెయ్యీ పట్టుకుని కలిసి గీత దాటారు. వెనకాల ఆరు వేల మందికి పైగా వచ్చారు.

సరే, నంబర్లు అందరికీ ఇచ్చేశారు. ఇక్కడ మనలాంటివాళ్ళకి నచ్చే సమస్య మొదలవుతుంది. నంబరిచ్చావంటే లెక్కపెడతానని మాటిచ్చినట్టు. ముందొచ్చే పదిమందికి స్టాప్‌వాచీ చాలు. రెండు వేల మందికి?

మొదట దూరం సంగతి. 42.195 కిలోమీటర్లు అని ఎంత గట్టిగా చెప్పినా, రోడ్డు మీద దాన్ని ఎలా కొలుస్తారు? కారు మీటరు చూసి వేసిన రేసులెన్నో. దీని మీద పట్టుబట్టి కూర్చున్నవాడు టెడ్ కార్బిట్. బానిసల మనవడు, 1952 ఒలింపిక్స్‌లో మారథాన్ పరిగెత్తినవాడు, వృత్తి ఫిజియోథెరపిస్టు. 1964లో రోడ్డు కోర్సులు కొలిచే పద్ధతి మీద చిన్న పుస్తకం రాశాడు. సైకిలు చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టడమే పద్ధతి. 1971లో అలన్ జోన్స్ అనే ఐబీఎం ఇంజనీరు ముందు చక్రం ఇరుసుకి తగిలించే చిన్న కౌంటరు తయారుచేశాడు. చక్రం ఒక్కసారి తిరిగితే 20 అంకెలు తిరుగుతాయి, అంటే అంకెకి పది సెంటీమీటర్లు. ఉక్కు టేపుతో కొలిచిన ముక్క మీద ముందోసారి, పని అయ్యాక మరోసారి తొక్కి సరిచూసుకోవాలి, ఎందుకంటే ఎండెక్కితే టైరు ఉబ్బి లెక్క మారుతుంది. మలుపుల్లో అంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, రన్నరు పోగలిగిన అతి దగ్గరి దారిలో తొక్కాలి. ఇంత చేశాక కూడా వెయ్యికి ఒక వంతు కలుపుతారు, కోర్సు పొరపాటున కూడా తక్కువ కాకూడదని. అంటే మీరు పరిగెత్తే మారథాన్ 42 మీటర్లు ఎక్కువే ఉండేలా వేస్తారన్నమాట. మూడొంతుల దూరం పోయాక ఈ సంగతి గుర్తు చేసుకోకండి!

ఈ చాదస్తం అక్కర్లేదనుకునేవాళ్ళకి ఒక ముచ్చట. 1981 న్యూయార్క్‌లో ఆల్బెర్టో సాలజార్ 2:08:13కి వచ్చి ప్రపంచ రికార్డు అనిపించాడు. కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ కొలిస్తే కోర్సు దాదాపు 150 మీటర్లు తక్కువని తేలింది. రికార్డు పోయింది. ఆ రోజు అతని వెనకాల వచ్చిన వేలమందికీ అదే తేడా, వాళ్ళ గురించి ఏ పేపరూ రాయలేదనుకోండి.

రెండోది టైము. చిప్పులు రాకముందు ఫినిష్ లైను తర్వాత తాళ్ళు కట్టి సన్నటి దారులు పెట్టేవాళ్ళు. గీత దాటినవాళ్ళు దాటిన వరసలోనే అందులో నడవాలి. ఒకడు టైములు రాస్తూ పోతాడు, ఎవరి టైమో అతనికి తెలీదు. తాళ్ళ చివర ఇంకొకడు నంబరు కాయితం కింద ఉన్న తుంపుడు ముక్క చించి తీగకి గుచ్చుతూ పోతాడు, ఏ టైముకి వచ్చారో అతనికి తెలీదు. సాయంత్రం రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి కలుపుతారు. అంటే రెండు వేరే వేరే జాబితాలని కేవలం వరస నంబరు మీద జాయిన్ చెయ్యడం! మధ్యలో ఒకడు కళ్ళు తిరిగి పక్కకి పడిపోయాడా, ఆ కిందున్న ప్రతివాడికీ ముందువాడి టైము వచ్చేస్తుంది. మన ప్రొడక్షన్ బగ్గులేం కొత్తవి కావు.

ఈ ఏర్పాటులో కన్నం చూసుకునే 1980 బోస్టన్‌లో రోజీ రూయిజ్ చివరి మైలు ప్రాంతంలో జనంలోంచి దూకి మొదటి స్థానం కొట్టేసింది. అంతకుముందు న్యూయార్క్‌లో సబ్‌వే రైలెక్కి చేరి సంపాదించిన టైముతో బోస్టన్‌కి అర్హత తెచ్చుకుంది. ఎనిమిది రోజుల తర్వాత గెలుపు ఆవిడ నుంచి తీసి జాక్వెలిన్ గారోకి ఇచ్చారు. 1990లలో బూటు లేసుకి కట్టే చిప్పు వచ్చింది. పశువులని గుర్తుపట్టడానికి వాడే ఆర్ఎఫ్ఐడీ సరుకే ఇది. 1996లో బోస్టన్ నూరో రేసుకి 38 వేల మందికి పైగా పేర్లిస్తే, చిప్పులతోనే లెక్కపెట్టారు. గుంపు చివర నిలబడ్డవాడు స్టార్టింగ్ లైను చేరేసరికి పావుగంట, అరగంట పడుతుంది. చిప్పు వచ్చాక ఆ సమయం అతని ఖాతాలోంచి పోయింది. ముందొచ్చే వందమందికి దీంతో పెద్ద పని లేదు. ఇది అచ్చంగా వెనకవాళ్ళ కోసం పెట్టిన యంత్రం. మా బాబాయికి చూపించాల్సింది మెడల్ కాదు, ఇది.

డబ్బు నిబంధన కూడా 1980లలో కూలిపోయింది. 1981లో పోర్ట్‌లాండ్‌లో ఒక రేసులో పైకే నగదు బహుమతులిచ్చారు, తీసుకున్నవాళ్ళని కొన్నాళ్ళు బహిష్కరించబోయి, చివరికి సంఘాలే తగ్గాయి. టారంట్ పోయి అప్పటికి ఆరేళ్ళు.

మన దగ్గరికి ఈ జాతర ఆలస్యంగా వచ్చింది. ముంబై మారథాన్ 2004లో మొదలైంది. హైదరాబాద్‌లో 2007లో రన్నర్ల క్లబ్బు ఏర్పడింది. ఇప్పుడు ఏటా ఆగస్టు చివర్లో తెల్లారకముందే నెక్లెస్ రోడ్డు వైపు నుంచి గచ్చిబౌలి దాకా ఫ్లైఓవర్లెక్కుతూ దిగుతూ వేలమంది పరిగెడతారు. అందులో మనవాళ్ళే, అంటే ఐటీవాళ్ళే, ఎక్కువ కనిపిస్తారు. అక్కడ కొత్త రకం వ్యవహారం ఒకటుంది. "బిబ్ ఉంది, నాకు వీలు కావట్లేదు, ఎవరికైనా కావాలా" అని వాట్సాప్ గ్రూపుల్లో పంచేస్తుంటారు. మనిషి ఒకరు, నంబరు ఇంకొకరిది. కళ్ళు తిరిగి పడిపోతే మెడికల్ టెంటువాళ్ళు ఇంకెవరింటికో ఫోను చేస్తారు. ఆడమనిషి నంబరు పెట్టుకుని మగాడు పరిగెత్తి, ఆడవాళ్ళ విభాగంలో ఎవరి స్థానమో ఎగరేసుకుపోవడం కూడా జరుగుతుంది. నంబరు లేని పరుగుని నేను గౌరవిస్తాను గానీ ఇది మాత్రం నాకు మింగుడు పడదు.

పోనీ నంబరు అందరికీ అందుతోందా అంటే, 2026 లండన్ రేసు లాటరీకి 11 లక్షల మందికి పైగా దరఖాస్తు పెట్టారు. 2025లో పూర్తిచేసినవాళ్ళు 56 వేల చిల్లర. మిగతావాళ్ళకి చీటీ తగల్లేదు. అది అదృష్టం. అదృష్టం కాని అడ్డాలు వేరే ఉన్నాయి, ఫీజు, బూట్లు, ఆదివారం పొద్దున ఖాళీగా ఉండగలగడం. ఇంచుమించు 2013-14 రోజుల్లో మహారాష్ట్రలో బారామతి దగ్గర లతా కరే అనే వ్యవసాయ కూలీ, అరవై దాటిన ఆవిడ, మొగుడికి ఎంఆర్ఐ స్కాను చేయించడానికి డబ్బుల్లేక, అక్కడి మూడు కిలోమీటర్ల రేసులో చీరకట్టుతోనే దిగి, చెప్పులూడిపోతే ఉత్తికాళ్ళతో పరిగెత్తి, పెద్దవాళ్ళ విభాగంలో గెలిచింది. ఆవిడ కథని తెలుగువాడైన నవీన్ దేశబోయిన ఆవిడతోనే మరాఠీలో సినిమా తీశాడు, 2020లో వచ్చింది. కూలి మనిషి, పైగా డబ్బు కోసం పరిగెత్తింది. 1866 నాటి లండన్ క్లబ్బు లెక్కన చూస్తే ఆవిడ మీద రెండుసార్లు అనర్హత వేటు పడాలి.

పాత పట్టికల్లో కొన్నిటిని ఆలస్యంగానైనా దిద్దారు. 1996లో బోస్టన్ వాళ్ళు బాబీ గిబ్‌ని 1966, 67, 68 సంవత్సరాల విజేతగా రాసుకున్నారు. 2017లో, 70 ఏళ్ళ వయసులో, స్విట్జర్ మళ్ళీ 261 నంబరుతోనే బోస్టన్ పరిగెత్తింది. ఆ తర్వాత ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వకూడదని నిర్ణయించారు. కామ్రేడ్స్‌లో 2019 నుంచి తొమ్మిదికీ పదికీ మధ్య గంటల్లో పూర్తిచేసినవాళ్ళకి ఇచ్చే మెడల్ పేరు రాబర్ట్ మ్‌త్‌షాలీ మెడల్. 1935లో ఆయనకి పట్టింది తొమ్మిదిన్నర గంటలు.